బొమ్మల కథల్లో మన ఆడపిల్లలు ఎక్కడ?

మఠంపల్లి మండలంలోని ఒక తండాకు, కిశోర బాలికలతో బాల్య వివాహాల గురించి మాట్లాడడానికి మా కార్యకర్తలు వెళ్ళారు. ఎప్పటిలాగే సంచీ నిండా పోస్టర్లు తీసుకెళ్ళారు. బడి గోడకు వాటిని అంటించి పిల్లలను కూర్చోబెట్టే లోపలే అక్కడొక గుంపు చేరింది. పోస్టర్ల దగ్గర కాదు. కోదాడలో ఇంగ్లీషు బడిలో చదువుతూ సెలవులకు ఇంటికొచ్చిన ఒక అబ్బాయి చేతిలో అట్ట ఊడిపోయిన కామిక్ పుస్తకం ఉంది. అతను ఇంగ్లీషులో ఒక ముక్క చదువుతాడు, దాన్ని తన మాటల్లో చెబుతాడు, మధ్యమధ్య సొంతంగా కొంత కల్పిస్తాడు. ఎనిమిది పదిమంది ఆడపిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఆ బొమ్మలు చూస్తూ పగలబడి నవ్వుతున్నారు. సమావేశం అరగంట ఆలస్యంగా మొదలైంది. అంతా అయ్యాక పన్నెండేళ్ళ పిల్ల ఒకతె మా కార్యకర్తను పక్కకు పిలిచి, "అక్కా, మీ బొమ్మలల్ల ఆడపిల్లలందరు ఎందుకు ఏడుస్తుంటరు?" అని అడిగింది.

ఆమెకు చెప్పడానికి మా దగ్గర జవాబు లేకపోయింది. ఆఫీసుకు వచ్చి ఇన్నేళ్ళుగా మేం వేయించిన పోస్టర్లు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు బయటకు తీసి చూసుకున్నాం. ఆ పిల్ల అన్నది నిజం. మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్న పిల్ల, చెంపల మీద కన్నీటి చుక్కలున్న పిల్ల, పుస్తకాల సంచీ వైపు దూరం నుంచి చూస్తున్న పిల్ల, తాళి బరువుకు మెడ వంగిన పిల్ల. నవ్వే పిల్లలు అసలు లేరని కాదు. చివరి పేజీలో, అధికారులు వచ్చి పెళ్ళి ఆపిన తర్వాత, వరుసగా నిలబడి అందరూ ఒకే తీరుగా నవ్వుతుంటారు. అది మనం వాళ్ళకు మంజూరు చేసిన నవ్వు. అల్లరి చేసో, ఎవరినో ఆటపట్టించో, పెద్దవాళ్ళ మాటలోని డొల్లతనం కనిపెట్టో తెచ్చుకున్న నవ్వు కాదు.

హక్కుల పత్రికలో సంపాదకీయం పిల్లల హాస్య బొమ్మల కథల గురించి రాయడం కొందరికి వింతగా ఉండొచ్చు. మా కార్యవర్గంలోనే ఒక పెద్దక్క గట్టిగా కోప్పడింది. "రాత్రి పదింటికి పోలీసు స్టేషన్‌లో కూర్చొని పెళ్ళి ఆపించేది మనం. ఆ పిల్లకు చదువు, తిండి, నీడ చూసేది మనం. ఇప్పుడు కార్టూన్లా?" అంది. ఆమె కోపంలో న్యాయం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ళ మధ్య స్త్రీలలో 23.5 శాతం మందికి 18 ఏళ్ళు నిండకముందే పెళ్ళయింది. బాల్య వివాహాల నిషేధ చట్టం 2006 నాటిది. చట్టం వచ్చి ఇన్నేళ్ళయినా నలుగురిలో ఒకరికి దాదాపుగా ఇదే గతి అయినప్పుడు, బొమ్మల పుస్తకాల మాట ఎత్తడం తీరికగలవాళ్ళ సరదాగా కనిపిస్తుంది.

కానీ తీరిక అనే మాట దగ్గరే ఆగి ఆలోచించాలి. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992 డిసెంబరులో అంగీకరించింది. దాని మీద మనం జరపని శిక్షణ లేదు. విద్యాహక్కు గురించీ, రక్షణ గురించీ గంటలు గంటలు మాట్లాడతాం. 31వ అధికరణం దగ్గరకు వచ్చేసరికి మధ్యాహ్న భోజనాల వేళవుతుంది. విశ్రాంతి, తీరిక, ఆట, వినోదం పిల్లల హక్కులని ఆ అధికరణం చెబుతుంది. 17వ అధికరణం ఇంకొక అడుగు ముందుకు వేసి, పిల్లల పుస్తకాల తయారీనీ పంపిణీనీ ప్రోత్సహించాలని ప్రభుత్వాలకు చెబుతుంది. మైనారిటీ, మూలవాసీ పిల్లల భాషా అవసరాలను కూడా ప్రత్యేకంగా గుర్తు చేస్తుంది. తండాలో ఇంట్లో గోర్‌బోలి మాట్లాడుకుని బడిలో తెలుగుతో కుస్తీపట్టే పిల్లకు ఈ చివరి మాట సూటిగా వర్తిస్తుంది.

మఠంపల్లి అనగానే చాలామంది నరసింహస్వామి గుడి ఉన్న మట్టపల్లి అనుకుంటారు. అది కూడా ఈ మండలంలోదే, కృష్ణ ఒడ్డున ఉంటుంది, కానీ ఊరు వేరు. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడే దాకా ఇదంతా నల్లగొండ జిల్లా. ఒక వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి, ఇంకొక వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి మధ్య పత్తి, మిరప చేలు, తండాలు. మిరప ఏరే రోజులొస్తే బడిలో ఏ బెంచీలు ఖాళీ అవుతాయో ఇక్కడ పనిచేసేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మిగతా రోజుల్లో కూడా పిల్ల తమ్ముణ్ణి ఎత్తుకోవాలి, నీళ్ళు మోయాలి, అమ్మ కూలికి పోతే పొయ్యి దగ్గర కూర్చోవాలి. అన్నకు బొమ్మల పుస్తకం చదువుకునే సమయమూ ఉంది, పుస్తకమూ ఉంది. ఆమె అతని భుజం మీదుగా తొంగి చూస్తుంది. ఇప్పుడు పుస్తకాలెవరు చదువుతున్నారు, అందరూ ఫోన్లలోనే కదా అనేవాళ్ళు ఒక్కసారి ఆ ఇళ్ళలోకి వెళ్ళి చూడాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న జేబులోనో అన్న చేతిలోనో ఉంటుంది. ఆడపిల్ల చేతిలో ఫోను కనిపిస్తే ఊరంతా అనుమానమే. పదిమంది చేతులు మారినా ఎవరూ తప్పు పట్టని వస్తువు ఇప్పటికీ కాగితమే.

ఇక ఆ కాగితం మీద ఏముందో చూద్దాం. తెలుగులో పిల్లల హాస్యానికి మంచి వారసత్వమే ఉంది. రేడియో అన్నయ్య, అక్కయ్య అని పిల్లలందరూ పిలుచుకున్న న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో 'బాల' పత్రిక పెట్టారు. పిల్లల కోసం రాయడమే కాదు, పిల్లలు రాసినవీ, గీసినవీ వేశారు. బాపు, ముళ్ళపూడి వెంకటరమణ పిల్లలుగా ఉన్నప్పుడు కనిపించింది ఆ పత్రికలోనే. ఆ ఇద్దరే 1950ల్లో 'బుడుగు'ను సృష్టించారు. బుజ్జాయి 'డుంబు' బొమ్మల కథలు, 1947 నుంచి చందమామ బొమ్మలు, ఆ తర్వాత తెలుగులోకి వచ్చిన అమర్ చిత్రకథలు మనలో చాలామందిని పెంచాయి. నేనేమీ వాటిని తీసిపారేయడం లేదు. బుడుగును ఇప్పటికీ చదివి నవ్వుకుంటాను.

అయితే బుడుగును ఆడపిల్లగా ఊహించుకోండి. పెద్దవాళ్ళకు జాటర్ ఢమాల్ కొట్టినట్టు మాట్లాడే పిల్ల, ప్రైవేటు మాష్టార్లను పరుగులెత్తించే పిల్ల, తన గొప్ప తానే చెప్పుకునే పిల్ల. మన ఇళ్ళలో అలాంటి పిల్లను ముద్దు చేస్తామా? "నోరు లేస్తోంది, రేపు అత్తారింట్లో ఎలా నెగ్గుకొస్తావే" అంటాం. అల్లరి మగపిల్లవాడికి తెలివి, ఆడపిల్లకు పెంకితనం. బుడుగు లోకంలో సీగానపెసూనాంబ ఉంది, రెండుజెళ్ళ సీత ఉంది, లావుపాటి పిన్నిగారు ఉంది. కథ చెప్పే నోరు మాత్రం బుడుగుదే. ఆ పిన్నిగారికి మనం మర్చిపోకుండా ఉంచుకున్న గుర్తు ఆమె ఒళ్ళు. ఇది ఒక రచయిత తప్పు కాదు. ఆనాటి పట్నపు మధ్యతరగతి ఇంట్లో ఎవరికి మాట్లాడే చనువుందో, పుస్తకంలోనూ వాళ్ళే మాట్లాడారు.

అది అప్పటి సంగతి అనుకుంటే, ఈ కాలపు సంగతి చూడండి. హైదరాబాద్‌లోనే తయారై 2008 నుంచి దేశమంతా పిల్లలను టీవీల ముందు కూర్చోబెట్టిన ఛోటా భీమ్‌కు కామిక్ పుస్తకాలు కూడా వచ్చాయి. భీముడికి లడ్డు తింటే బలం వస్తుంది. ఆ లడ్డు ఎవరిస్తారు? చుట్కీ. ఆమె తల్లి టుంటున్ లడ్డూల కొట్టు నడుపుతుంది. లడ్డు చేసేది ఆడవాళ్ళు, దాన్ని తిని ఊరిని కాపాడేది అబ్బాయి! ఎప్పుడూ దెబ్బతిని నవ్వులపాలయ్యే మొండివాడి పేరు కాలియా. ఒంటి రంగు మీద పెట్టిన పేరది. మన పిల్లలు ఒకరినొకరు వెక్కిరించడానికి ఆ పేరు వాడడం మేం చెవులారా విన్నాం. ఇక ఇంగ్లీషు బళ్ళ పిల్లలకు బాగా తెలిసిన టింకిల్‌లో 1983 నుంచి సుప్పాండి ఉన్నాడు. యజమాని చెప్పిన మాటను తప్పుగా అర్థం చేసుకుని పని పోగొట్టుకునే పల్లెటూరి పనివాడు. నవ్వొస్తుంది, నిజమే. కానీ పట్నంలో పనికి కుదిరిన మన తండా పిల్ల, అక్కడి మిక్సీ, గీజరు తెలియక తిట్లు తిన్న పిల్ల, అదే కథను ఎటు వైపు నుంచి చదువుతుంది? అదే టింకిల్ 2015లో మిజోరాం అమ్మాయి మాపుయిని వింగ్‌స్టార్ అనే వీరనారిగా తెచ్చిందని కూడా చెప్పాలి. మార్పు రాదనేమీ లేదు.

పెద్దల పత్రికల్లోని కార్టూన్లను పిల్లలు చదవరనుకోవడం మన భ్రమ. బియ్యం పొట్లం కట్టిన కాగితం మీద ఉన్నా పిల్లలు మొదట చూసేది కార్టూనే. మన వారపత్రికలు దశాబ్దాల తరబడి చేసిన హాస్యంలో భార్య చేతిలో అప్పడాల కర్ర ఉంటుంది, భర్త తల మీద బొప్పి ఉంటుంది. ఇంట్లో ఎవరు ఎవరిని కొడతారో లెక్కలు చెబుతూనే ఉన్నాయి. తెలంగాణలో పెళ్ళయిన స్త్రీలలో మూడో వంతుకు పైగా భర్త చేతి హింసను ఎదుర్కొన్నారని పైన చెప్పిన సర్వేయే తేల్చింది. జరిగే దాన్ని తలకిందులు చేసి నవ్వించడం హాస్యానికి ఉన్న పద్ధతే, కాదనం. కానీ ఇక్కడ బలవంతుణ్ణి కిందకు దించడం లేదు. దెబ్బలు తినేదాన్ని కొట్టేదిగా చూపి, ఆమె ఫిర్యాదును ముందే కొట్టిపారేస్తోంది ఆ బొమ్మ. స్టేషన్‌లో "మీ ఆడవాళ్ళు తక్కువ తిన్నారా" అని నవ్వే కానిస్టేబుల్ ఆ నవ్వు ఎక్కడ నేర్చుకున్నాడో వేరే చెప్పాలా?

భాష సంగతి మాకు ఇంకా ఎక్కువ బాధ కలిగిస్తుంది. ఇంగ్లీషు నుంచో హిందీ నుంచో వచ్చే బొమ్మల కథల తెలుగు చూస్తే, పిల్లి కూడా పాఠ్యపుస్తకంలా మాట్లాడుతుంది. పోనీ యాసలో మాట్లాడేది ఎవరయ్యా అంటే పనివాడు, దొంగ, మూర్ఖుడు. తెలుగు సినిమా చాలాకాలం తెలంగాణ మాటను అక్కడే కూర్చోబెట్టింది. మఠంపల్లి పిల్లల మాట కృష్ణకు ఇవతలి ఒడ్డు మాటా, అవతలి ఒడ్డు మాటా కలిసిన మాట. ఆ మాటలో తెలివైన పిల్ల, గడుసైన పిల్ల, ఎదుటివాణ్ణి నోరెత్తకుండా చేసే పిల్ల బొమ్మల కథలో కనిపించడం అంటే, తన మాటకు సిగ్గుపడనక్కర్లేదని పిల్లకు తెలియడం.

ఇలాంటి పిల్ల మనకు ఒకతె ఉంది. మనమే మర్చిపోయాం. 1990ల మొదట్లో, సార్క్ దేశాలు బాలికా దశాబ్దం జరుపుకుంటున్న రోజుల్లో, యునిసెఫ్ 'మీనా'ను తెచ్చింది. మన దేశపు యానిమేషన్ కళాకారుడు రామ్ మోహన్ ఆమె రూపకల్పనలో ముఖ్యుడు. తొమ్మిదేళ్ళ పిల్ల, తమ్ముడు రాజు, మిఠూ అనే చిలుక. ఆమె ఎలా ఉండాలి, ఏం తొడుక్కోవాలి, ఏ పేరైతే అన్ని దేశాల్లో ఇమిడిపోతుంది అని వేలమందిని, ముఖ్యంగా పిల్లల్ని, అడిగి నిర్ణయించారు. సినిమాలతో పాటు బొమ్మల కథల పుస్తకాలు వచ్చాయి. తెలుగులో 'మీనా ప్రపంచం' పేరుతో బడి పిల్లల కోసం రేడియో కార్యక్రమం కూడా వచ్చింది.

మామిడిపండు కథ ఒక్కటి చాలు. మీనా కోసుకొచ్చిన పండులో పెద్ద ముక్క రాజుకు, చిన్న ముక్క ఆమెకు. రాత్రి భోజనం దగ్గరా అంతే. "నేను ఎక్కువ పని చేస్తాను కదా" అంటాడు రాజు. అయితే రేపు ఒక్కరోజు నీ పని నేను, నా పని నువ్వు అనుకుంటారు పిల్లలు. ఆ రోజు రాజు పడే పాట్లు చూసి ఏ పిల్లా నవ్వకుండా ఉండలేదు. రాత్రి చిన్న ముద్ద అతని కంచంలో పడేసరికి, పెద్దవాళ్ళకు కూడా విషయం అర్థమవుతుంది. ఇంటి పనికి విలువ కట్టడం మీద మనం పెట్టే రెండు రోజుల శిక్షణలో ఇంతకన్నా ఎక్కువ ఏం చెబుతున్నాం? పైగా ఆ కథలో రాజు దుర్మార్గుడు కాదు. అక్కను ప్రేమించే మామూలు పిల్లవాడు. మగపిల్లలు కూడా సంతోషంగా చదువుతారు, నవ్వుతూనే కొంచెం నొచ్చుకుంటారు. మన పోస్టరు ముందు నిలబడిన మగపిల్లవాడు తనను దోషిగా నిలబెట్టారని ముఖం తిప్పుకుంటాడు.

ఈ పని లోకంలో కొత్తది కాదు. అమెరికాలో మార్జ్ అనే కలం పేరుతో ఒక స్త్రీ 1935లో లిటిల్ లులు అనే పిల్లను గీసింది. మగపిల్లల గుడిసె తలుపు మీద ఆడపిల్లలకు ప్రవేశం లేదని రాసి ఉంటే, ఏదో ఒక ఎత్తు వేసి లోపలికి దూరడమే లులు పని. అర్జెంటీనాలో కీనో 1964 నుంచి 1973 దాకా గీసిన మఫాల్దా సూపు తాగనని మొండికేస్తుంది, యుద్ధాలెందుకని అడుగుతుంది, చదువు మానేసి ఇంటిపనిలో మునిగిపోయిన తల్లిని ఇబ్బందిపెట్టే ప్రశ్నలు వేస్తుంది. 1977లో బాలల హక్కుల ప్రకటనకు బొమ్మలు వేయించడానికి యునిసెఫ్ ఆ మఫాల్దానే ఎంచుకుంది. ఇరాన్ స్త్రీ మర్జానె సత్రపి తన బాల్యాన్ని చెప్పిన 'పర్సెపొలిస్'ను హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులోకి తెచ్చింది. అది పెద్ద పిల్లలు చదవాల్సిన పుస్తకం, విషాదం ఉన్న పుస్తకం. కానీ మొదట్లోనే, తప్పనిసరిగా వేసుకోమన్న ముసుగులతో బడి ఆవరణలో ఆడపిల్లలు ఆటలాడుకుంటారు. ఆ ఒక్క బొమ్మ చెప్పినది మన వ్యాసాలు చాలా పేజీల్లో చెబుతాయి.

దీనికి ఎదురుగా నెల్లూరును చూపిస్తారని మాకు తెలుసు. 1991 ప్రాంతంలో అక్షరాస్యతా ఉద్యమపు పాఠంలో 'సీతమ్మ కథ' చదివి, తాగుబోతు భర్త వల్ల ప్రాణం తీసుకున్న సీతమ్మలో తమను చూసుకుని ఆడవాళ్ళు కదిలారు. దూబగుంటతో మొదలై, 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా వెళ్ళింది ఆ కదలిక. నవ్వించే పాఠం ఆ పని చేసేదా? బహుశా చేసేది కాదు. దుఃఖం తెచ్చే కదలికను తక్కువ చేసే ధైర్యం మాకు లేదు. కానీ ఆ పాఠం చదివింది సీతమ్మ జీవితాన్ని గడిపిన స్త్రీలు. తమ కథ కాగితం మీద చూసి, ఇది నా ఒక్కదాని తలరాత కాదని గ్రహించారు. ఇంకా పెళ్ళి కాని పన్నెండేళ్ళ పిల్లకు మాత్రం మనం పదే పదే చూపించేది ఆమెకు రాబోయే ఏడుపు. ఆ ఉద్యమంలో కూడా, తాగి వచ్చిన మగవాళ్ళకు గుండు గీయించి ఊరేగించిన ఆడవాళ్ళు ఆ రోజు ఎంత నవ్వుకున్నారో అప్పట్లో తిరిగినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. మనం రాసిన నివేదికల్లో ఆ నవ్వు లేకుండా పోయింది. ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. ఏడ్చే పిల్ల బొమ్మకు నిధులొచ్చినంత తేలికగా నవ్వే పిల్ల బొమ్మకు రావు. ప్రాజెక్టు దరఖాస్తు అట్ట మీద మనం ఏ ఫోటో పెడతామో ఎవరి మనసుకు వాళ్ళకు తెలుసు.

గీసే చేతులు లేవా అంటే ఉన్నాయి. విశాఖపట్నంలో పోలియోతో నడవలేని ఒక చిన్నపిల్ల కార్టూన్లు గీసి పత్రికలకు పంపడం మొదలుపెట్టింది. ఆమే తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టు రాగతి పండరి. 2015లో చనిపోయేదాకా గీస్తూనే ఉంది. ఆమె తర్వాత వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే ఎందుకున్నారు? నల్లగొండ జిల్లాకే చెందిన పెండెం జగదీశ్వర్ పిల్లల కథలు రాసి, బొమ్మలూ గీశాడు. 2018లో ఆయన్ను పోగొట్టుకున్నాం. హైదరాబాద్‌లోని అన్వేషి 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో తెచ్చిన బొమ్మల పుస్తకాల్లో గోగు శ్యామల, జూపాక సుభద్ర, ఖదీర్‌బాబు లాంటివాళ్ళ కథల ద్వారా దళిత, ముస్లిం పిల్లలు తమ ఇళ్ళతో, తమ తిండితో, తమ వేళాకోళాలతో పిల్లల పుస్తకాల్లోకి వచ్చారు. నెలసరి గురించి 2014లో వచ్చిన మెన్‌స్ట్రుపీడియా కామిక్ తెలుగులో కూడా దొరుకుతుంది. మన శిక్షణల్లో మాటలు తడబడే చోట ఆ బొమ్మలు తడబడకుండా చెబుతాయి. ఇవేవీ మఠంపల్లి బడికి చేరలేదు.

చేరేదాకా ఎదురుచూడకుండా పిల్లల చేతనే గీయిద్దామనుకున్నాం. దీనికొక పద్ధతి ఇప్పటికే ఉంది. శరద్ శర్మ నడిపిస్తున్న వరల్డ్ కామిక్స్ ఇండియా దేశంలో చాలాచోట్ల చేసి చూపించినది. రెండు తెల్ల కాగితాలు అతికిస్తే ఒక గోడ పత్రిక అవుతుంది. నాలుగు గడులు. మొదటి గడిలో సంగతి మొదలవ్వాలి, రెండో గడిలో ముదరాలి, మూడో గడిలో మలుపు తిరగాలి, నాలుగో గడిలో తేలాలి. జిరాక్సు తీసి బడి దగ్గర, బస్టాపు దగ్గర, కిరాణా కొట్టు గోడ మీద అంటించడమే. చెయ్యి తిరిగిన కళాకారులు అక్కర్లేదు. కర్రకు తల అంటించినట్టు మనుషుల్ని గీసినా చాలు.

మఠంపల్లి పిల్లలతో రెండు రోజులు కూర్చున్నాం. మొదటి రోజు అందరూ మన పోస్టర్లలోని ఏడ్చే పిల్లనే గీశారు. అదే మాకు కావాలని వాళ్ళనుకున్నారు. మీకు నవ్వొచ్చిన సంగతి గీయండి అంటే అప్పుడు కదిలారు. ఒక పిల్ల కథలో మేక ఆమె పుస్తకాలన్నీ నమిలేస్తుంది. చివరి గడిలో మేక ఎనిమిదో తరగతి పాసై దండ వేయించుకుంటుంది, పిల్ల మిరప చేనులో ఉంటుంది. ఇంకొక కథ పెళ్ళిచూపులు. పిల్లకు వంట వచ్చా, పిండి విసరడం వచ్చా అని పెద్దలు అడుగుతారు. "ఆయనకు బర్రె పాలు పిండుడు వచ్చా?" అంటుంది పిల్ల. పెళ్ళికొడుకు వాళ్ళమ్మ ముఖం చూస్తాడు. నాలుగో గడిలో బర్రె, వద్దు వద్దని తల ఊపుతుంది. మూడో కథలో ఆటో దిగి, సంచీ తగిలించుకుని, కళ్ళజోడు పెట్టుకున్న ఒక అక్క వచ్చి మాట్లాడడం మొదలుపెడుతుంది. రెండో గడిలో పిల్లలు నిద్రపోతారు, మూడో గడిలో కుక్క నిద్రపోతుంది, నాలుగో గడిలో అక్క ఇంకా మాట్లాడుతూనే ఉంటుంది. ఆ కళ్ళజోడు ఎవరిదో మాకు తెలుసు. దాన్ని ఆఫీసు గోడకు అంటించుకున్నాం.

అంతా నవ్వులతో అయిపోలేదు. ఒక పిల్ల, మగపిల్లలు ఆడుకుంటుంటే ఆడపిల్లల చేత బడి ఊడిపించే మాస్టారును గీసింది. పేరు రాయలేదు గానీ మీసం చూసి ఊరంతా గుర్తుపట్టింది. ఆ బొమ్మ గోడ మీద ఒక్క రాత్రే ఉంది. తెల్లవారి వాళ్ళమ్మ వచ్చి తన చేతులతోనే చింపేసింది. "మీరు ఆటోల పోతరు. మేము ఊళ్ళె ఉండాలె" అంది. ఆమె అన్నది సరైన మాట. పిల్లను అడగకుండా, తల్లిని అడగకుండా ఆ బొమ్మను బజారులో పెట్టింది మేం. నవ్వుకు ధర ఉంటుంది, ఆ ధర మేం కట్టడం లేదు, ఆ పిల్ల కడుతోంది. ఇకమీదట ఏ బొమ్మ గోడకెక్కాలో, ఏది సంచీలో ఉండాలో గీసిన పిల్లే తేలుస్తుంది. మనుషుల ముఖాలు గుర్తుపట్టేలా ఉంటే మార్చమని ముందే చెబుతాం. ఊడ్చే సంగతి మీద మా పేరుతో మేం అర్జీ ఇచ్చాం. ఇది రాసే నాటికి జవాబు రాలేదు. ఊడ్చేది ఇంకా ఆడపిల్లలే.

గ్రంథాలయాల సంగతి కూడా పట్టించుకోవాలి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. అంటే ఈ తండా పెంకుటిళ్ళవాళ్ళు కూడా పుస్తకాలకు డబ్బు కడుతున్నారు. హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ గ్రంథాలయాలకు వెళ్ళే మన సభ్యులు, పిల్లల అరలో ఏ బొమ్మల పుస్తకాలున్నాయో, వాటిలో ఆడపిల్ల ఏం చేస్తూ కనిపిస్తోందో రాసి పంపండి. చూడడానికి ఒక తేలిక కొలత ఉంది. 1985లో అమెరికన్ కార్టూనిస్టు అలిసన్ బెక్‌డెల్ తన బొమ్మల కథలో సినిమాల గురించి సరదాగా అన్నది. కథలో కనీసం ఇద్దరు ఆడవాళ్ళుండాలి, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాట మగవాడి గురించి కాకుండా ఉండాలి. మా ఆఫీసు అలమరాలో ఉన్న పిల్లల పుస్తకాలకు ఆ కొలత పెడితే సగం కూడా నిలబడలేదు. మేం అచ్చువేసినవి కూడా రెండు పోయాయి. ఆ జాబితాతో జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ పెడదాం.

వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో నాలుగు పేజీలు పిల్లల బొమ్మల కథలకు ఇస్తున్నాం. పెద్దక్క ఒప్పుకుంది, ఒక షరతు మీద. కేసుల వివరాల పేజీలు తగ్గకూడదని. తగ్గవు, సంపాదకీయమే సగానికి తగ్గుతుంది. మేక, బర్రె, కళ్ళజోడు అక్క ముందు వస్తాయి. ఇతర జిల్లాల నుంచి పంపేవాళ్ళు కొన్ని సంగతులు గమనించాలి. ముందు మాటలు రాసి, ఆ తర్వాత వాటి చుట్టూ బుడగ గీయించండి. బుడగ ముందు గీస్తే మన వత్తులు, గుడులు పట్టవు. పిల్లల మాటను సరిదిద్దకండి. గోర్‌బోలి, కోయ, ఉర్దూ ఏదైనా తెలుగు లిపిలో రాసి పంపవచ్చు, అర్థం కింద రాస్తే చాలు. పిల్ల అసలు పేరు వేయాలో వద్దో ఆమెనే అడిగి రాయండి. పెన్సిలుతో గీసినవి జిరాక్సులో రావు, నల్ల పెన్నుతో దిద్దించి పంపండి.